చీపురు అంటుకున్న పూట: కార్వాన్ నుంచి హైడ్రోజన్ గొట్టం చూడబోయి

ఈ బ్లాగు నాది కాదు. మా పై వాటాలో అద్దెకుండే సుభద్రది. కాకినాడ వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చిన మనిషి. సెలవు దొరికితే చాలు సంచి భుజాన వేసుకుని ఎక్కడికో వెళ్లి, తిరిగొచ్చాక ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ తినాలో మీకు రాసి పెడుతుంది. ఈసారి ప్రయాణం చేసింది నేను. నాకు అక్షరం రాదు కాబట్టి నేను చెబుతుంటే ఆమె రాస్తోంది. మాటలు కాస్త సాపు చేస్తానంటే సరే అన్నాను. జరిగినదాన్ని మాత్రం సాపు చేయొద్దని గట్టిగా చెప్పాను.

నా పేరు రాజమణి. కార్వాన్‌లో మాది పోత పోసే ఇల్లు. గుడి గంటలు, దీపపు కుందెలు, బోనాలకు కట్టుకునే గజ్జెలు, అన్నీ ఇత్తడి, కంచు. మా గల్లీలో ఇంకా ఏడు ఇళ్లలో కొలుములు మండుతున్నాయి. ఈ ఏడు ఎండలు ముదరకముందే సర్కారు మనుషులు వచ్చి, బస్తీ మధ్యలో బొగ్గు కొలుములు ఉండకూడదు, ఏడాది తిరిగేలోపు ఆపాలి అని చెప్పి వెళ్లారు. కరెంటు కొలిమి పెట్టుకుంటామంటే మా గల్లీ ట్రాన్స్‌ఫార్మర్ అంత బరువు మోయదన్నారు. ఊరి బయట షెడ్లు ఇస్తాం పొమ్మన్నారు. మగవాళ్లు పోగలరు. కానీ పుట్టమన్ను పిసికి, మైనం మీద పూతలు వేసి, అచ్చు కట్టేది ఇంట్లో ఉన్న ఆడవాళ్లం. వంట చేస్తూ, పిల్లలను చూసుకుంటూ కడతాం. తడి అచ్చు ఒళ్లో పెట్టుకుని బస్సులో అంత దూరం పోతే గతుకు గతుకుకూ పగులుతుంది. కొలిమి ఊరు దాటితే మా చేతి పని అక్కడితో సరి.

అలాంటి రోజుల్లో ఇంకో కబురు వచ్చింది. హైడ్రోజన్ అనే గ్యాసు కోసం ఊరి చుట్టూ పెద్ద గొట్టం వేయబోతున్నారట. పొగ రాదు, మసి రాదు. పెద్ద ఫ్యాక్టరీల కోసమే వేస్తున్నా, పాతబస్తీ వైపు ఒక చిన్న కొమ్మ తీసే ఆలోచన ఉందట. పోత పోసేవాళ్లు, బేకరీల వాళ్లు వచ్చి, మంట చూసుకుని, వాడతామని చెబితే ఆ కొమ్మ ఎటు పోవాలో తేలుస్తారట. కొమ్మ కార్వాన్ వైపు తిరిగితే మా కొలుములు ఉన్న చోటే ఉంటాయి. అందుకే బయలుదేరాం. మీ బస్తీకి కూడా రేపో మాపో ఇలాంటి పిలుపు వస్తుంది కాబట్టి దారి కూడా వివరంగా చెబుతాను.

బుధవారం పొద్దున ఏడింటికి ఇంటికొకరు, మా ఇంటి నుంచి మాత్రం ఇద్దరం, రెండు ఆటోల్లో సర్దుకున్నాం. మా ఆటో మా గల్లీ చివర ఉండే జహంగీర్‌ది. నాతో పాటు మా మరిది సత్తయ్య ఉన్నాడు. మా ఆయన పోయాక కొలిమి నడిపేది అతనే. జహంగీర్ అద్దంలో చూసి నవ్వాడు.

"ఏందమ్మా, అందరు కలిసి పొద్దుగాల్నే ఎటు? షాదీ ఉందా?"

"షాదీ కాదు. గ్యాసు గొట్టం చూడ పోతున్నం."

"గొట్టమా! మా గల్లీల మోరీ గొట్టం ఎన్నడో పగిలింది. ఆడికి రాండ్రి, ఫ్రీగ చూపిస్త."

"నీ మోరీల కొలిమి మండుతదా? మండితె చెప్పు, దిగుత."

"అరె అమ్మా, సుబే సుబే ఇత్తా గుస్సా నక్కో" అని, పొద్దున్నే అంత కోపం వద్దంటూ మెహదీపట్నం దాకా నవ్వుతూనే నడిపాడు. మనిషికి ఇరవై రూపాయలు తీసుకున్నాడు. అక్కడ శంషాబాద్ పోయే సిటీ బస్సు ఎక్కాలి. ఆడవాళ్లకు టికెట్ డబ్బు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ చింపి ఇస్తారు. కార్డు మరిచిపోతే కండక్టరుతో లొల్లి తప్పదు. మగవాళ్లు కొనుక్కోవాలి. "ఇంటికి పెద్ద నువ్వు, నీకు ఫ్రీ. కొలిమి ఊదేటోనికి టికెటు. ఏం న్యాయమొదినా" అని సత్తయ్య దారంతా నన్ను ఆటపట్టించాడు. అత్తాపూర్, ఆరాంఘర్ దాటి శంషాబాద్ చేరేసరికి గంట పైన పట్టింది. పొద్దున పూట కుడి వైపు కూర్చుంటే ఎండ తక్కువ కొడుతుంది. శంషాబాద్‌లో దిగి బండి మీద ఇడ్లీ తిని, కొత్తూరు వైపు పోయే షేర్ ఆటో పట్టుకున్నాం. ముప్పై రూపాయలు. రోడ్డు మీద బోర్డు పెద్దగా ఏమీ ఉండదు. ఎడమ పక్క పచ్చ రంగు కంచె కనబడగానే దిగిపోవాలి.

గేటు దగ్గర కాపలా మనిషి ముందుగా ఫోన్లు, అగ్గిపెట్టెలు, బీడీలు తీసి డబ్బాలో వేయించాడు. తరాల నుంచి నిప్పుతో బతికేవాళ్లం, నిప్పు గేటు బయట పెట్టి లోపలికి నడిచాం. సత్తయ్య తన బీడీ కట్ట వైపు వెనక్కి తిరిగి చూసుకున్న తీరు చూస్తే నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యాహ్నం దాకానే నిలిచింది.

లోపల పెద్ద రేకుల హాలు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. మా కంటే ముందే వచ్చి కూర్చున్నవాళ్లలో పాతబస్తీలో జహనుమా బేకరీల వాళ్లు నలుగురున్నారు. వాళ్లలో పెద్దాయన ఖాజా భాయ్, తెల్ల గడ్డం, పిండి అంటిన చెప్పులు. ఎదురుగా గోడ మీద పటం, దాని మీద ఎర్ర గీతలు. చెప్పడానికి నిలబడింది మాధురి అనే ఇంజనీరు పిల్ల, గుంటూరు వైపు యాస. పక్కన కుర్చీలో ఆమె పైఅధికారి. అందరూ ఆయన్ని పెద్దసారు అంటున్నారు.

ఆ పిల్ల బాగా చెప్పింది, అబద్ధం ఎందుకు. దక్షిణాన ఎండ పలకలు పరిచి కరెంటు తీస్తారట. ఆ కరెంటుతో నీళ్లను విడగొడితే ఈ గ్యాసు వస్తుంది. దాన్ని గొట్టంలో ఊరి చుట్టూ తిప్పి పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలకు పంపుతారు. ఇలాంటి గీతలు దేశంలో చాలాచోట్ల గీస్తున్నారు, ఒక ప్రాంతం గొట్టం ఇంకో ప్రాంతం గొట్టంతో కలిస్తేనే అసలు లాభం అంది. ఒకచోట ఎండ లేనప్పుడు ఇంకోచోటి గ్యాసు వచ్చి ఆదుకోవాలట. పాత గ్యాసు గొట్టాల్లో దీన్ని ఊరికే పంపలేరు. ఇది ఎంత సన్నటిదంటే ఇనుములోకే దూరి, ఇనుమును పెళుసు చేస్తుందట. అందుకే గొట్టానికి వేరే ఉక్కు, వేరే అతుకులు, వేరే ఖర్చు.

నేను ఆగలేకపోయాను. లేచి అడిగాను. "బిడ్డా, మాకు నల్లా దినం విడిచి దినం వస్తది. మీరేమో నీళ్లు ఇరగ్గొడ్తమంటున్నరు. ఎవరి నీళ్లు?"

"మంచి ప్రశ్నండి అమ్మగారూ. తాగే నీళ్లు ముట్టుకోం. ఊళ్లోంచి వచ్చే మురుగు నీటినే శుద్ధి చేసి వాడదామని."

వెనక నుంచి ఖాజా భాయ్ అందుకున్నాడు. "యానే మోరీ కే పానీ సే మేరా బిస్కిట్ బన్‌తా! అమ్మా, ఎవ్వరికి జెప్పొద్దు." మోరీ నీళ్లతో నా బిస్కెట్ తయారవుతుందా అని ఆయన మొహం పెట్టిన తీరుకి హాలంతా నవ్వింది. పెద్దసారు కూడా నవ్వి, తర్వాత అసలు సంగతి చెప్పాడు. "వాడేవాళ్లు లేకపోతే గొట్టానికి పెట్టుబడి రాదు. గొట్టం లేకపోతే వాడేవాళ్లు పుట్టరు. ఎక్కడైనా ఈ పని ఆగేది ఇక్కడే. అందుకే మిమ్మల్ని పిలిచాం. మంట చూడండి, మళ్లీ హాల్లోకి వచ్చాక ఒక్కొక్క బస్తీ పేరు పిలుస్తాను. వాడతామనేవాళ్లు చేతులెత్తండి. కొమ్మ ఎటు వేయాలో దాన్ని బట్టి పైకి పంపుతాం." ఆ మాట నేను విన్నాను. వినలేదని ఎవరితోనూ అనను.

అందరం వెనక ఆవరణలోకి నడిచాం. నడి ఎండ. సిమెంటు దిమ్మె మీద బొటనవేలంత గొట్టం మూతి, దానికి దూరంగా తాడు కట్టి మమ్మల్ని ఇవతల నిలబెట్టారు. మాధురి ఏదో తిప్పింది. బుస్సుమని చప్పుడు. టక్కున ఇంకో చప్పుడు. "అంటుకుంది" అంది.

ఏమీ లేదు. నాకు కనబడలేదు, సత్తయ్యకు కనబడలేదు, ఎవరికీ కనబడలేదు. మా పనిలో మంట రంగే మాకు గడియారం. ఎర్రగా ఉంటే ఆగు, పసుపు తిరిగితే సిద్ధంగా ఉండు, ఇత్తడి కరిగి అంచున పచ్చ మెరిస్తే ఆ ఇత్తడి కాగే మూస ఎత్తు. ఇక్కడ ఎండ తప్ప ఏమీ లేదు.

"మంటేది?" అన్నాను. "గాలి చూపిచ్చి మంటంటున్నరా?"

"పగటి పూట కంటికి కనబడదండి, అదే దీంతో ఉన్న ప్రమాదం. అందుకే ఈ గ్యాసు దగ్గర పనిచేసేవాళ్లు ఒక పాత ఉపాయం వాడతారు. చూడండి" అని గోడకు ఆనించి ఉన్న చీపురు అందుకుంది. కొత్త చీపురు. మొదట్లో కట్టిన రంగు దారం కూడా విప్పలేదు. దాన్ని చెయ్యి చాచి గొట్టం మూతి ముందు పెట్టింది. చీపురు భగ్గున అంటుకుంది.

మా ఇళ్లలో చీపురు పుల్ల కూడా పొయ్యిలో వేయం. శుక్రవారం కొనుక్కొచ్చి, లక్ష్మి అని మూల నిలబెట్టకుండా పడుకోబెట్టి, కాలు తగిలితే కళ్లకు అద్దుకుంటాం. అరిగిపోయిన చీపురును కూడా కాల్చం. దానికి తోడు మా పనిలో ఇంకో కట్టుబాటు ఉంది. పోత పోసే రోజు ఏదైనా అపశకునం జరిగితే, ఇంటి పెద్ద ఆడమనిషి చెయ్యి ఎత్తుతుంది. అంతే. ఎవరూ మారు మాట్లాడకుండా కొలిమి విడిచి బయటికి వచ్చేయాలి, మర్నాడు దాకా లోపల అడుగు పెట్టకూడదు. మనసు చెదిరిన మనిషి కరిగిన లోహం ముందు నిలబడితే చెయ్యి వణుకుతుంది, వణికితే ఎవరో ఒకరు కాలిపోతారు. అందుకని పెట్టిన నియమం. మా అత్త చెయ్యి ఎత్తేది, ఆమె తర్వాత నేను. ఆ నియమం వల్ల మా గల్లీలో ఎందరు కాలకుండా బతికారో నాకు తెలుసు.

ఆ మండే చీపురు చూడగానే నా చెయ్యి పైకి లేచింది.

మావాళ్లందరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు. సత్తయ్య ఒక్కడు నా పక్కకు వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "వదినా, గిది మన కొలిమి గాదు. జరంత ఆగు. కొమ్మ ముచ్చట ఇంక రానే లేదు."

"కండ్ల ముందల లచ్చిమిని కాలవెడితె నిలవడి చూడమంటవా?"

"చూడమంటలేను. పక్కకు నిలవడుదం. పేరు పిలుస్తమన్నరు గద."

"నా చెయ్యి లేచినంక నువ్వు మాట్లాడినవ్. మీ అన్న ఉంటె మాట్లాడుదువా?"

అతను కూడా వెనక్కి తిరిగి నడిచాడు. మాధురి మంట ఆపి మా వెనక పరుగెత్తుకొచ్చింది. "అమ్మగారూ, ఏమైందండీ? నావల్ల తప్పు జరిగితే చెప్పండి." నేను చెప్పలేదు. చెయ్యి ఎత్తిన పెద్దది ఎందుకో చెప్పే ఆనవాయితీ మాకు లేదు. ఆ పిల్ల చేతిలో సగం కాలిన చీపురుతో అక్కడే నిలబడిపోయింది.

కంచె లోపలే, గేటుకు దగ్గరగా క్యాంటీన్ ఉంది. భోజనం అరవై రూపాయలు, పప్పు, పచ్చిపులుసు, మజ్జిగ. పచ్చిపులుసు నిజంగా బాగుంటుంది, అడిగితే ఇంకోసారి వేస్తారు. వంట చేసే యాదమ్మ నా వయసుకు దగ్గరి మనిషి. కోపంలో ముద్ద దిగక నేను జరిగింది చెబుతుంటే ఆమె గరిటె పట్టుకునే విన్నది.

"గా చీపురు ముచ్చటనా? ఓ అక్కా! మొదట్ల నేను గూడ మస్తు లొల్లి జేసిన. ఊడ్సెతందుకు తెచ్చుకున్న చీపుర్లు గాలిల కాలవెడ్తుంటె ఊకుంటనా?"

"మరి ఏమన్నరు?"

"ఏమంటరు? చెప్తె ఇంటరు. మొన్న మీ తీర్గనే కొందరు ఆడోళ్లు వచ్చి, చీపురొద్దమ్మా అంటె గోనెతాడు వెట్టి చూపిచ్చింది గా పిల్ల. గోనెతాడు గూడ గట్లనే అంటుకుంటది. నువ్వు చెప్పలేదా?"

నేను చెప్పలేదు. మజ్జిగ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాను. లేచి హాల్లోకి పోదామా అని నా లోపల ఒక మాట లేచింది. మర్నాడు దాకా అడుగు పెట్టకూడదన్న నియమం దాన్ని కూర్చోబెట్టింది. మజ్జిగ అయ్యేదాకా అదే కొట్లాట.

అంతలో హాలు తలుపులు తెరుచుకుని మనుషులు బయటికి వచ్చారు. ఖాజా భాయ్ నేరుగా మా దగ్గరికి వచ్చాడు. నవ్వు లేదు.

"అరె అమ్మా, ఆప్ లోగాఁ కిధర్ చలే గయే? ఎటు వోయిన్రు మీరంత? రెండు సార్లు పిలిచిన్రు. 'కార్వాన్ వాలే, కార్వాన్ వాలే' అని. ఒక్క చెయ్యి లేవలె."

"నువ్వు చెప్పలేదా భాయ్, మేం ఈడనే ఉన్నమని?"

"బోలా అమ్మా, కసం సే బోలా. ఒట్టు, చెప్పిన. బయట తింటున్నరు, పిలుచుకొస్త అన్న. సార్ ఏమన్నడంటె, అవసరం ఉన్నోళ్లు కూసుంటరు గద అన్నడు." ఆయన గడ్డం నిమురుకున్నాడు. "మా జహనుమా వాళ్లం ఎత్తినం. కొమ్మ మా దిక్కు రాసుకున్నరు. నాకు ఖుషీ కావాలె. అయితలేదు."

నేను హాల్లోకి వెళ్లాను. నియమాన్ని అప్పుడు తొక్కాను, దానివల్ల లాభం లేని వేళ. పెద్దసారు కాగితాలు సర్దుకుంటున్నాడు. మా గల్లీ సంగతి, కొలుముల సంగతి, తడి అచ్చుల సంగతి మొత్తం చెప్పాను. గట్టిగానే చెప్పాను. ఆయన కుర్చీ చూపించి, కూర్చోమని, చివరిదాకా విన్నాడు.

"అమ్మా, మీ మీద నాకు కోపం లేదు. ఎవరు వాడతారో తెలియకుండా భూమిలో గొట్టం వేయడానికి ఎవరూ డబ్బు పెట్టరు. ఈ విడతలో ఒక్క కొమ్మకే వీలుంది. రెండో విడతలో కార్వాన్ పేరు ముందు పెడతాను."

"రెండో విడత ఎప్పుడు సారూ?"

ఆయన పటం వైపు చూశాడు. "చెప్పలేనమ్మా" అన్నాడు.

"మా కొలిమి ఆపమన్నది ఈ ఏడే" అన్నాను. ఆయన మిగిలిన కాగితాలు సర్దుకున్నాడు, నేను కుర్చీలోంచి లేచాను.

బయటికి వస్తుంటే మెట్ల దగ్గర మాధురి ఎదురైంది. యాదమ్మ చెప్పినట్టుంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "మా అమ్మమ్మ కూడా చీపురు కాల్చనిచ్చేది కాదండి. ఈ పనిలో పడి మర్చిపోయాను" అంది. ఆ ముక్క విన్నాక ఆ పిల్ల మీద నాకు మిగిలిన కోపం నా మీదికే తిరిగింది. నేను అప్పుడే చెప్పి ఉంటే ఇద్దరం ఒక నిమిషంలో తేల్చుకునేవాళ్లం.

"మీరు సరిగా చూడనే లేదు. ఒక్కసారి రండి" అని మమ్మల్ని మళ్లీ ఆ దిమ్మె దగ్గరికి తీసుకెళ్లింది. ఈసారి గోనెతాడు పెట్టింది. గాలిలోకి తాడు జరుపుతుంటే, ఒక చోట తాడు చివర దానంతట అదే రాజుకుంది. సత్తయ్య జేబులోంచి ఒక గజ్జె తీశాడు. కిందటి పోతలోది, చిన్నది. నమూనాగా చూపిద్దామని తెచ్చుకున్నాడు, చూపించే వేళకు మేం హాల్లో లేం. "బిడ్డా, గిది పట్టి చూడరాదు జర" అన్నాడు. ఆమె పొడుగు పట్టకారుతో గజ్జెను పట్టి, ఏమీ లేని ఆ గాలిలో పెట్టింది.

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత గజ్జె ఎర్రబడింది. దాని అంచు నుంచి పచ్చటి మంట లేచింది, దాని మీద సన్నగా తెల్ల పొగ. అది మా రంగు. నేను కోడలుగా వచ్చిన రోజు నుంచి చూస్తున్న రంగు. ఎండలో, ఖాళీ గాలిలోంచి మా కొలిమి మంట లేచి నిలబడింది. బొగ్గు లేదు, మసి లేదు, దగ్గు లేదు. మా ఆయన చివరి రోజుల్లో దగ్గిన దగ్గు నాకు గుర్తొచ్చింది. సత్తయ్య "ఆపు బిడ్డా, చాలు" అన్నాడు. గజ్జె చల్లారాక చొక్కా అంచుతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో ఖాజా భాయ్ మాతోనే ఆరాంఘర్ దాకా వచ్చాడు. అక్కడ దారులు విడిపోతాయి, ఆయనది జహనుమా వైపు. దిగే ముందు సంచిలోంచి బిస్కెట్ల పొట్లం తీసి నా ఒళ్లో పెట్టాడు. "కొమ్మ మా దాకా వస్తె, అమ్మా, మీ దాకా గుంజమని నేను అడుగుత. జబాన్ దేరా హూఁ" అన్నాడు. మాట ఇచ్చాడు. మేం మెహదీపట్నం పోకుండా ఆరాంఘర్ నుంచే ఆటోలు మాట్లాడుకుని బహదూర్‌పురా, కిషన్‌బాగ్ మీదుగా పురానాపూల్ దాటి కార్వాన్‌కు వచ్చాం. సాయంత్రం పూట ఈ దారిలో రద్దీ ఎక్కువే, కానీ మెహదీపట్నం చుట్టు తిరగడం తప్పుతుంది. మనుషులు ఎక్కువుంటే ఆటోలు మాట్లాడుకోవడమే మేలు. నేను దారంతా రోడ్డు పక్కల భూమినే చూస్తూ కూర్చున్నాను. ఇక్కడ తవ్వవచ్చు, ఇక్కడ మలుపు, ఇక్కడ మూసీ దాటించాలి. పెద్ద దూరం కాదు. ఆటో వాడు పాట పెడితే సత్తయ్య తీసేయమన్నాడు. వంతెన మీద మాత్రం ఒక మాట అన్నాడు.

"వదినా, గా పచ్చ రంగు చూసినవా?"

"చూసిన."

ఇక ఇంటి దాకా గజ్జెను చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

గల్లీ మొదట్లోనే ఆడవాళ్లు ఎదురొచ్చారు. చేతులకు మట్టి. ఆ రోజు కట్టిన అచ్చులు అరుగుల మీద వరసగా ఆరుతున్నాయి. "ఏమాయె అత్తా?" అని మా కోడలు అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చేతులు కడుక్కోవడానికి కూడా కదలకుండా నిలబడ్డారు. చెయ్యి ఎత్తిన పెద్దదాన్ని మా గల్లీలో ఎవరూ ప్రశ్నించరు. ఆ సాయంత్రం ఎవరైనా ప్రశ్నిస్తే బాగుండునని నాకు మొదటిసారి అనిపించింది.

ఇక నా వాదన. చదివేవాళ్లలో ఆ గొట్టం సంగతి చూసేవాళ్లు ఎవరైనా ఉంటే వినండి. మా నియమం తప్పు అని నేను ఒప్పుకోను. కరిగిన ఇత్తడి ముందు అది మమ్మల్ని కాపాడింది, ఇకముందూ కాపాడుతుంది. ఇత్తడిని విడిచి లేచిపోతే మర్నాడు మళ్లీ కరిగించుకుంటాం. మనుషులు కూర్చుని తేల్చుకునే చోట లేచిపోతే ఆ పని మనం లేకుండానే అయిపోతుంది. ఆ తేడా నాకు తెలియాల్సింది. మా మరిదికి తెలిసింది, అతని మాట నేను వినలేదు. కానీ ఆ హాల్లో మీరు చూసింది ఖాళీ కుర్చీలను. మా కొలుములు ఖాళీగా లేవు. లేచిపోయినవాళ్లకు అవసరం లేదనుకోవడం మీ వైపు పొరపాటు. ఎందుకు లేచారని బయటికొచ్చి అడగడానికి క్యాంటీన్ ఎంత దూరమని? జహనుమా కొమ్మను మాకు తిప్పమని నేను అడగను. వాళ్ల రొట్టెలు కాల్చే భట్టీలు కూడా పొగలోనే ఉన్నాయి. అక్కడి నుంచి కిషన్‌బాగ్ మీదుగా మూసీ దాటించి పొడిగించమని అడుగుతున్నాను. దారి నేను చూసి వచ్చాను. మా ఏడు ఇళ్ల చేతులు లేచే ఉన్నాయని ఈ రాత ద్వారా చెబుతున్నాను. ఆ పూట మావాళ్లలో లేచిన ఒక్క చెయ్యి నాది, అది తప్పు చోట లేచింది. దానికి అరుగుల మీద ఆరుతున్న అచ్చులను శిక్షించకండి.

మీరు అక్కడికి వెళ్లేటట్టయితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. సంచిలో మూరెడు గోనెతాడు పెట్టుకుని వెళ్లండి. మంట చూపించే ముందే ఆ ఇంజనీరు పిల్ల చేతికిచ్చి, "చీపురు వద్దు బిడ్డా, దీనితో చూపించు" అని చెప్పండి, వింటుంది. ఆ తర్వాత మీ బస్తీ పేరు పిలిచేదాకా కుర్చీలోంచి కదలకండి.